బోరు నీళ్లతో కడిగిన ఇనుము మీద రంగు నిలవదు: పాత అంబాసిడర్ భాగాల గురించి

మీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. మిర్యాలగూడ దగ్గర మీ ఊళ్లో నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఎరువుల బస్తాలు పెట్టే షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఇప్పుడు భాగాలన్నీ విప్పి పెట్టారు. యాసిడ్ పోసి కడిగి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొడితే చాలని పెయింటింగ్ మేస్త్రీ అంటున్నాడు. బాడీ మొత్తం శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి గింజలు కొట్టి తుప్పు, పాత రంగు రాల్చే పని) చేయించమని ఇంకొకరు చెప్పారు. ఏ భాగానికి ఏ పద్ధతి అని మీరు అడిగారు.

ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. తుప్పు వదిలించడానికి చాలా దారులున్నాయి, అది పెద్ద కష్టం కాదు. తుప్పు వదిలాక ఇనుము పచ్చిగా బయటపడుతుంది కదా, ఆ మొదటి గంటలో మీరేం చేస్తారన్న దాని మీదే రంగు ఎన్నేళ్లు ఉంటుందన్నది తేలుతుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రీస్టోర్ చేసిన పాత బండ్లు రెండేళ్లు తిరగకుండానే బుడగలు లేవడానికి నేను చూసిన పెద్ద కారణం బోరు నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరుంది. కానీ రంగుకు శత్రువు ఫ్లోరైడ్ కాదు. ఆ నీళ్లలోనే కరిగి ఉండే క్లోరైడ్లు, సల్ఫేట్లు, మిగతా ఉప్పులు. కడిగిన నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది. దాని మీద ప్రైమర్ కొడితే పైకి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రంగు ఎంత మంచిదైనా దానిలోంచి కొంచెం తేమ లోపలికి పోతూనే ఉంటుంది. లోపలున్న ఉప్పు ఆ తేమను లాగి పట్టుకుంటుంది. అక్కడే సన్నటి పొక్కు లేస్తుంది, దాని కింద తుప్పు మొదలవుతుంది.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన అద్దం ముక్క మీద బోరు నీళ్లు నాలుగు చుక్కలు, దాని పక్కనే ఆర్వో ప్లాంటు నీళ్లు నాలుగు చుక్కలు వేసి నీడలో ఆరనివ్వండి. బోరు చుక్క ఆరిన చోట తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. మీ బానెట్ మీద మిగిలేది కూడా అదే. అందుకని మొదటి కడుగులు ఏ నీళ్లతోనైనా కానివ్వండి, చివరి కడుగు మాత్రం ఊరి ప్లాంటు నుంచి తెచ్చిన 20 లీటర్ల క్యాన్ నీళ్లతోనే చేయండి. చిన్న భాగాలకైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంకా మంచిది. వీలైతే ఆ నీళ్లు వేడిగా వాడండి. ఇనుము కూడా వేడెక్కి నిమిషాల్లో ఆరిపోతుంది, ఎర్రటి పొర కమ్మే టైమ్ ఉండదు.

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు పంచ్ చేసిన చోట గ్రైండర్ పెట్టొద్దు, బ్లాస్టింగ్ చేయొద్దు, మందపాటి రంగు కొట్టొద్దు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో, మెత్తటి బ్రష్‌తో మురికి తీసి, పెన్సిల్‌తో చాసిస్ ప్రింట్ తీసుకుని, ఫోటోలు తీసి దాచండి. తర్వాత ఆ చోటును టేపుతో మూసేయండి. రేపు ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించేటప్పుడు ఆ అంకెలు అరిగిపోయి ఉంటే మీరెంత మంచి పని చేసినా అక్కడే ఆగిపోతుంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటిన బండ్లకు. మీ బండికి ఇంకా టైముంది. కానీ దాని ప్రకారం కూడా చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఇప్పటి నుంచే ఆ దృష్టితో పని చేయించుకోండి.

ఎరువుల షెడ్డు అన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. యూరియా, డీఏపీ దుమ్ము గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఫ్లోర్ మడతల్లో, డిక్కీ మూలల్లో, డోర్ల లోపలి అడుగున అది చేరి ఉంటుంది. పొడిగా బ్రష్ కొడితే ఇంకా లోపలికి పోతుంది. ముందు ప్రెషర్ వాషర్‌తో అడుగు నుంచి, డోర్ల కింద నీళ్లు కారే రంధ్రాల నుంచి బాగా కడగండి. ఎరువుల నుంచి, పశువుల కొట్టం నుంచి వచ్చే అమ్మోనియా ఇనుము కంటే ఇత్తడికి ఎక్కువ చేటు. మీ రేడియేటర్ పాత రకం రాగి, ఇత్తడిదే అయితే దాని ట్యాంకు మడతల దగ్గర సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. వైర్ల చివర్లు ఆకుపచ్చగా మారాయేమో కూడా చూడండి. రంగు వేసి మూసేశాక ఇవి కనపడవు.

ఇక లోహాలు గుర్తుపట్టడం. మెరిసేదంతా స్టీలనుకుని ఒకే బకెట్లో వేస్తే నష్టపోతారు. అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుమో స్టీలో. అతుక్కోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. అతుక్కోకుండా బరువుగా ఉంటే కనపడని వైపు సూదితో చిన్నగా గీకండి. పసుపు రంగు వస్తే ఇత్తడి, బూడిద రంగు వస్తే జింకు మిశ్రమం. కార్బరేటర్ బాడీ, క్రోమ్ ఉన్న డోర్ హ్యాండిళ్ల లాంటి అచ్చు పోసిన భాగాలు ఎక్కువగా ఈ చివరి రకమే. జింకు మిశ్రమాన్ని, అల్యూమినియాన్ని యాసిడ్‌లో గానీ కాస్టిక్ సోడాలో గానీ వేయకూడదు, తినేస్తాయి. కార్బరేటర్‌ను కార్బ్ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో మాత్రమే కడగాలి. దానిలో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో, అంటే జెట్లలో, ఇనుప తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే పెట్రోలు లెక్క తప్పుతుంది. ఇత్తడి భాగాలకు మాత్రం మన చింతపండు, ఉప్పు చాలు. చెంబులు తోమినట్టే తోమి, వెంటనే మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

తుప్పు కంటే ముందు జిడ్డు పోవాలి. జిడ్డు ఉన్న చోట ఏ యాసిడూ పని చేయదు, బ్లాస్టింగ్ అయితే జిడ్డును రేకులోకి కొట్టి కూరుతుంది. గడ్డకట్టిన గ్రీజును చెక్కముక్కతో గీకి, కిరోసిన్‌తో లేదా డీజిల్‌తో మెత్తబరిచి, తర్వాత వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి కడగండి. అల్యూమినియం భాగాలకు సోడా వద్దు, గిన్నెలు కడిగే లిక్విడ్ సరిపోతుంది. పెట్రోలుతో కడగొద్దు. షెడ్డులో దాని ఆవిరి నేల మీదే పాకుతూ పోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. జిడ్డు పోయిందో లేదో చూడటానికి దాని మీద శుభ్రమైన నీళ్లు పోయండి. నీళ్లు తెగకుండా ఒకే పొరగా జారితే పోయినట్టు. తామరాకు మీదలా ముత్యాలు కట్టి విడిపోతే ఇంకా ఉన్నట్టు. ఈ పరీక్ష దాటని భాగాన్ని ముందుకు తీసుకుపోవద్దు.

బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి. ఆ కాలపు బ్రేక్ లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది. నీళ్లు చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

తుప్పు తీయడానికి వద్దాం. బ్రాకెట్లు, హింజీలు, నట్లు బోల్టులు, డోర్ లాక్ భాగాల వంటి చిన్నవాటికి నా మొదటి ఓటు నిమ్మ ఉప్పుకు. కిరాణా కొట్లో దొరుకుతుంది. లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాములు ప్లాస్టిక్ టబ్బులో కలిపి, రాత్రి వేసి పొద్దున చూడండి. తుప్పు నల్లటి మడ్డిలా మారి బ్రష్ కొడితే వచ్చేస్తుంది. వంట సోడా నీళ్లలో ముంచి తీసి, ఆర్వో నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. రోజుల తరబడి వదిలేస్తే మంచి ఇనుమును కూడా తింటుంది. కాబట్టి మర్చిపోయే పని అయితే మొదలుపెట్టొద్దు. తొందర లేనివాళ్లు చెరకు మడ్డిని తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి ఒకటి రెండు వారాలు నానబెట్టవచ్చు. వాసన భరించాలి, ఈగలు ముసురుతాయి, కానీ చాలా మెత్తగా పని చేస్తుంది.

మూలలు, సందులు ఉన్న భాగాలకు కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, లీటరుకు ఒక చెంచా లెక్కన వాషింగ్ సోడా. భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ మైనస్ వైరుకు, పనికిరాని మామూలు ఇనుప ముక్కను ప్లస్‌కు కలపాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఇందులో మూడు నియమాలు తప్పకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. సోడాకు బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. గదిలో చేయొద్దు, బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, దానికి నిప్పు అంటుకుంటుంది. వైర్లు తీసే ముందు చార్జర్ ఆపండి.

మేస్త్రీ చెప్పిన యాసిడ్, అంటే బాత్రూములు కడిగే రకం (హైడ్రోక్లోరిక్ యాసిడ్), కారు దగ్గరికి రానివ్వొద్దని నా గట్టి మాట. తుప్పును నిమిషాల్లో తీస్తుంది, నిజమే. కానీ రేకు మడతల్లోకి, స్పాట్ వెల్డింగ్ సందుల్లోకి దిగిన యాసిడ్‌ను మీరు ఎన్ని నీళ్లు పోసినా బయటికి తీయలేరు. అది కూడా క్లోరైడే. పైగా షెడ్డులో దాని ఆవిరి తగిలిన మిగతా పనిముట్లన్నీ తెల్లారేసరికి ఎర్రబడతాయి. స్ప్రింగుల విషయంలో ఇంకా ప్రమాదం. గట్టిపరిచిన స్టీలులోకి యాసిడ్ వల్ల హైడ్రోజన్ చొరబడితే అది పెళుసెక్కి, బరువు మీద ఉన్నట్టుండి విరుగుతుంది. మీ బండి ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే స్టీలు కడ్డీలు), వెనక కమాన్ పట్టీలు, గట్టి రకం బోల్టులు, వీటిని ఏ యాసిడ్‌లోనూ వేయకండి, కరెంటు తొట్టిలో కూడా పెట్టకండి. వైర్ బ్రష్, ఎమెరీ పేపర్, చేతి పని అంతే. టార్షన్ బార్ మీద గ్రైండర్ గీత కూడా పడకూడదు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. బార్‌ను నిలువునా, పొడవు దిశలోనే రుద్దండి. విప్పేటప్పుడే కుడి ఎడమ గుర్తులు పెట్టి ఉంటారనుకుంటాను. అవి తారుమారు కాకూడదు.

శాండ్ బ్లాస్టింగ్ గురించి. యాక్సిల్ కేసింగ్, సస్పెన్షన్ చేతులు, చక్రాల రిమ్ముల వంటి మందపాటి భాగాలకు బ్లాస్టింగ్‌కు మించింది లేదు. బానెట్, డిక్కీ మూత, టాపు, డోర్ల వెడల్పు రేకులకు మాత్రం వద్దు. గింజలు తగిలి రేకు పైపొర సాగుతుంది, లోపలి పొర సాగదు, రేకు ఉబ్బి అలలు తేలుతుంది. దాన్ని మళ్లీ సరి చేయడం మంచి టింకరింగ్ మేస్త్రీకి కూడా కష్టం. ఆ రేకులకు పెయింట్ రిమూవర్, తర్వాత సాండింగ్ డిస్కు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మాస్క్ లేకుండా రుద్దొద్దు, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు.

బ్లాస్టింగ్‌కు ఇస్తే ఏం వాడుతున్నారో అడగండి. నది ఇసుక, పలుగురాయి పొడి అంటే ఇవ్వకండి. ఇది మీ రేకు కోసం చెప్పే మాట కాదు, అక్కడ పని చేసే మనిషి కోసం. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి మందు లేదు. షాద్‌నగర్ వైపు పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో పని చేసిన కూలీలకు ఏమైందో ఉమ్మడి పాలమూరు జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. గార్నెట్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ వాడే చోటు వెతకండి. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు అడిగితే దొరుకుతుంది. కొంచెం ఖర్చైనా సరే.

బ్లాస్టింగ్ అయిన భాగాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి చెమటలో కూడా ఉప్పుంటుంది. మూడు రోజుల తర్వాత సరిగ్గా వేలిముద్ర ఆకారంలో తుప్పు లేస్తుంది. శుభ్రమైన గ్లౌజులు వేసుకుని, పొడి గాలితో ఊది, గుడ్డకు వాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ రాసి ఒకసారి, ఆరకముందే పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయండి. రాత్రికి ఉంచొద్దు. రెడ్ ఆక్సైడ్ గేట్లకు, కిటికీ ఊచలకు సరే. కారు రేకు మీద అది తేమను ఆపలేదు, పైన వేసే పీయూ (పాలీయురేథేన్) రంగు తిన్నర్‌కు ముడుచుకుంటుంది కూడా. రెండు డబ్బాలు (ప్రైమర్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్) కలిపి వాడే ఎపాక్సీ తీసుకోండి, డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) రాసి ఉంటే దాన్ని పూర్తిగా కడగకుండా ఎపాక్సీ వేయొద్దు, పట్టదు.

ఇప్పుడు మన వైపు గ్యారేజీల్లో అందరూ చేసే ఒక పని గురించి చెప్పాలి, మీ మేస్త్రీ కూడా చేస్తాడు. పుట్టీ పెట్టి, బకెట్టు బోరు నీళ్లు పక్కన పెట్టుకుని, వాటర్ పేపర్‌తో రుద్దుతారు. నున్నగా వస్తుంది, దుమ్ము లేవదు, అందుకని ఇష్టపడతారు. కానీ పుట్టీ నీళ్లు పీలుస్తుంది. ఆ నీళ్లు రేకు దాకా దిగి ఉప్పుతో సహా అక్కడే ఉంటాయి. పైన రంగు పడ్డాక బయటికి రావడానికి దారి ఉండదు. మొదటి ఎండాకాలానికే ఆ చోటు పొంగుతుంది. కాబట్టి క్రమం మార్చమని ముందే మాట్లాడుకోండి. పచ్చి రేకు మీద ముందు ఎపాక్సీ, దాని మీద పుట్టీ, పుట్టీని పొడిగానే రుద్దాలి, మళ్లీ దాని మీద ప్రైమర్. నీళ్ల పేపర్ చివరి ప్రైమర్ మీద, రంగు మీద మాత్రమే, అది కూడా ఆర్వో నీళ్లతో. మేస్త్రీ మొదట ఒప్పుకోడు, పని రెట్టింపు అంటాడు. ఆ మేరకు కూలి ఎక్కువ ఇవ్వండి, మొత్తం ఖర్చులో ఇంతకంటే బాగా పెట్టిన డబ్బు ఉండదు.

రంగుకు మన దగ్గర మంచి కాలం సంక్రాంతి నుంచి మార్చి మధ్య దాకా. మే నెలలో ఎండకు కాలిన రేకు మీద కొడితే రంగు గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది, లేదా పైపొర ముందు గట్టిపడి లోపలి తిన్నర్ బుడగలుగా పగులుతుంది. ఎండాకాలం తప్పకపోతే పొద్దున్నే, నీడలో, మెల్లగా ఆరే స్లో తిన్నర్‌తో చేయించండి. వానాకాలం ముసురు పట్టిన రోజుల్లో అసలు వద్దు. చలికాలంలో తెల్లవారుజామున రేకు మీద కంటికి కనపడని మంచు ఉంటుంది, బాగా పొద్దెక్కాకే మొదలుపెట్టాలి. పీయూ రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు, ఉబ్బసం తెస్తుంది. ముక్కుకు కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. గాలి సరఫరా ఉన్న మాస్క్ ఉన్న చోటే కొట్టించండి.

మిగిలినవి త్వరగా చెప్తాను. మీ బండి నట్లు బోల్టులు ఎక్కువగా అంగుళాల లెక్కవి, పాతవి పారేయకండి. శుభ్రం చేసి మామూలు వాటిని జింక్ ప్లేటింగ్‌కు ఇవ్వండి. స్టీరింగ్, సస్పెన్షన్, చక్రాల బోల్టులు ప్లేటింగ్‌కు వద్దు, అరిగితే అదే రకం కొత్తవి వేయండి. రిమ్ములకు పౌడర్ కోటింగ్ బాగుంటుంది. కానీ నట్టు కూర్చునే చోటు, హబ్బుకు ఆనుకునే చోటు మూసి కొట్టమని చెప్పండి. అక్కడ మందపాటి పొర ఉంటే తర్వాత నలిగి నట్లు వదులవుతాయి. రబ్బరు బుష్‌లు ఉన్న భాగాన్ని పౌడర్ కోటింగ్‌కు ఇవ్వొద్దు. ఆ భట్టీ 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఇంజిన్ పొగ బయటికి పోయే మ్యానిఫోల్డ్‌కు 600 డిగ్రీలు తట్టుకునే రంగే కావాలి. కమాన్ పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాయండి.

పెట్రోల్ ట్యాంకు తుప్పు పట్టిందని వెల్డింగ్ షాపుకు తీసుకుపోవద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపలి ఆవిరి పేలుతుంది. లోపల కంకర, నిమ్మ ఉప్పు నీళ్లు పోసి ఊపి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే కొంచెం డీజిల్ తిప్పి ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది నీటిని లాగుతుంది. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచొద్దు.

బంపర్ల క్రోమ్ మీద చుక్కలు చుక్కలుగా తుప్పు మాత్రమే ఉంటే మళ్లీ ప్లేటింగ్ చేయించకండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, చుక్కలు పోతాయి, తర్వాత మైనం రాయండి. పొర లేచి ఇనుము కనపడుతుంటేనే ప్లేటింగ్. అప్పుడు కూడా పాత క్రోమ్, నికెల్ పూర్తిగా తీసి, గుంటలు రాగితో పూడ్చి, నికెల్ వేసి, దాని పైన క్రోమ్ వేస్తారా అని అడగండి. పైనుండే క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. తుప్పును ఆపేది కింది నికెలే, మెరుపు కింది పాలిష్‌దే.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఫ్రేము లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. మీరు పంపిన ఫోటోలో ఎడమ డోర్ల కింద పొడవునా ఉండే బోలు పెట్టె అంచు ఉబ్బినట్టు కనిపిస్తోంది. అక్కడ, జాకీ పెట్టే చోట, వెనక కమాన్ బిగించే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చి చూడండి. మొన దిగితే ముందు డోర్లు బిగించి, బాడీకి కింద సమంగా ఆసరాలు పెట్టి, రేకు కోసి వెల్డింగ్ చేయించాలి. ఆ తర్వాతే ప్రైమర్. పూర్తయ్యాక ఆ పెట్టెల లోపలికి కేవిటీ వాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. గుచ్చిన చోట్ల ఫోటోలు దగ్గర నుంచి తీసి పెట్టండి, ఎంత మేర కోయాలో చూసి చెప్తాను.